జ్వరంతో పోయిన లిబోరియో

మాడ్రిడ్‌లో బసిలిసా ఇంట్లో గది అద్దెకు తీసుకున్న ఏ పిల్లకైనా, ఏ పిల్లాడికైనా మొదటి వారంలోనే ఒక సంగతి తెలిసిపోయేది. ఆవిడ మొగుడు లిబోరియో యుద్ధం ముగిసిన ఏడాది జ్వరంతో పోయాడు. చేపల కొట్టు దగ్గర అడిగినా, మెట్ల మీద అడిగినా, గదుల లెక్క చూసుకోవడానికి వచ్చిన పోలీసు అడిగినా అదే మాట. "జ్వరం నాయనా, జ్వరం. రాత్రి బాగానే ఉన్నాడు, తెల్లారేసరికి మనిషి లేడు" అని కుడిచేయి నుదుటికి ఆనించుకునేది, ఆ జ్వరమేదో ఇంకా తన ఒంట్లోనే ఉన్నట్టు. ఇరవై ఏళ్ళు దాటినా నల్లబట్ట విడవలేదు. దుఃఖం కోసమేనా అంటే, నలుపైతే మసి కనపడదు, ఉతుకు తక్కువ అని నవ్వేది.

నవ్వు ఆవిడకి పుష్కలం. లా చదివేవాళ్ళని, డాక్టరీ చదివేవాళ్ళని ఇంట్లో పెట్టుకుని విసిగిపోయింది. వాళ్ళు తలుపులు మూసుకుని చదువుకుంటారు, అన్నంలో వంకలు పెడతారు. సినిమా బడి పిల్లలు అలా కాదు. శనగల పులుసు పెట్టినా తింటారు, దానిలో ఎముక లేకపోయినా తింటారు, తింటూ ఒకటే మాటలు. వంటింటి బల్ల దగ్గర వాళ్ళ అరుపులు వింటూ ఉల్లిపాయ తరుగుతుంటే కన్నీళ్ళు ఉల్లిపాయవో, నవ్వువో తెలిసేది కాదు.

ఆ బడి కథ ఒక వింత. దేశంలో వాళ్ళలో వాళ్ళకే జరిగిన ఆ యుద్ధంలో గెలిచిన జనరల్ గారు ఏలుతున్న రోజులు. ఏ ఆఫీసు గోడ మీద చూసినా ఆయన బొమ్మే, ఏ హాల్లో కూర్చున్నా సినిమాకి ముందు ఆయన వార్తలే. అలాంటి దొరగారి సర్కారే సినిమా బడి పెట్టింది, తమ గొప్ప చాటే సినిమాలు తీసేవాళ్ళు కావాలని. పెట్టాక తెలిసింది తంటా. సినిమా నేర్పాలంటే మంచి సినిమాలు చూపించాలి కదా! ఊళ్ళో ఎవరూ చూడకూడదని ఆపేసిన పరదేశపు సినిమాలన్నీ ఆ బడిలో తలుపులు బిగించి వేసేవారు, "ఇలా తీయకూడదు, చూసి తెలుసుకోండి" అని. పిల్లలు చూశారు. సరిగ్గా అలాగే తీయాలని తెలుసుకున్నారు. "దొర తన ఉప్పు పెట్టి తననే తిట్టించుకుంటున్నాడు" అనేది బసిలిసా, ముందు కిటికీ మూసేసి.

ఆ పిల్లల్లో కసిల్దా అంటే ఆవిడకి ప్రాణం. బుర్గోస్ నుంచి వచ్చిన సన్నపాటి పిల్ల, మోకాళ్ళు ఎప్పుడూ ఎక్కడో కొట్టుకుని కమిలి ఉండేవి. దర్శకత్వం క్లాసులో ఆడపిల్ల అదొక్కతే. బడి తలుపు దగ్గర బంట్రోతు ఏడాదిపాటు "టైపు క్లాసు పక్క వీధిలోనమ్మా" అంటూనే ఉన్నాడట. వాళ్ళ నాన్నకి మందుల కొట్టుంది. ఆయన ఒప్పుకున్నదల్లా ఒక్కటే: పట్టా తెచ్చుకుంటే సరే, తప్పితే మర్నాటి రైలెక్కి వచ్చి కొట్టు బల్ల వెనక కూర్చోవాలి. ఆ బడి పట్టా లేనిదే సినిమా తీసే కార్డు ఇవ్వరు, కార్డు లేనివాళ్ళని కెమెరా ముట్టుకోనివ్వరు. అందుకని చివరి ఏడాది పరీక్షకి తీసే చిన్న సినిమా మీదే ఆ పిల్ల బతుకంతా వేలాడుతోంది.

ఒకరోజు పొద్దున్నే వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. పిల్లలంతా ఆవిణ్ణి దోన్యా బసీ అనేవారు, అమ్మగారూ అన్నట్టు.

"దోన్యా బసీ, మీరు నా సినిమాలో వేషం కట్టాలి."

"నేనా? నా మొహానికా? బుర్గోస్‌లో మందుల వాసన తలకెక్కినట్టుంది నీకు."

"ముసలావిడ ఒకతి. మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. అయినా రోజూ బల్ల మీద రెండు కంచాలు పెడుతుంది. అంతే కథ."

బసిలిసా చేతిలో గరిటె ఆగింది. "కంచం రెండోది నేనెప్పుడు పెట్టాను?"

"మీరు పెట్టరు. నా సినిమాలో ముసలావిడ పెడుతుంది."

"మొగుడు ఎలా పోయాడు మరి?"

"జ్వరంతో. మీరు చెప్పినట్టే రాశాను. బడిలో పెద్దలు చదివి సరే అని ముద్ర గుద్దేశారు కూడా."

"జ్వరమైతే సరే" అంది బసిలిసా, గరిటె మళ్ళీ తిప్పుతూ.

తీసింది కూడా ఆవిడ వంటింట్లోనే. కెమెరా పాతది, తిరుగుతుంటే కుట్టుమిషను లాగా గోల. ఆ గోలలో మాట పట్టడం కుదరదు, అందుకని ఆ కాలంలో బొమ్మ ముందు తీసి, మాట తర్వాత గదిలో కూర్చుని అతికించేవారు. ఈ సంగతి బసిలిసాకి తెలియదు. కంచం పెట్టింది, బిగుసుకుని నిలబడింది, జ్ఞానోపదేశం ఒప్పజెప్పే పిల్లలా అంది, "నా లిబోరియో జ్వరంతో పోయాడు. దేవుడు తీసుకున్నాడు."

కసిల్దా తల పట్టుకుంది. "దోన్యా బసీ, పప్పు పొంగితే కూడా ఇలాగే నిలబడతారా మీరు?"

"నువ్వు చెప్పిన మాటే కదే అన్నాను! ఒక్క అక్షరం పొల్లుపోలేదు."

"అక్షరాలు వదిలేయండి. ఈ పెట్టెలోకి మాట ఎక్కదు, బొమ్మే ఎక్కుతుంది. మీ నోరు ఆడితే చాలు. పరలోక జపం చదవండి, చేపలవాణ్ణి తిట్టండి, నన్ను తిట్టండి. మాటలు మనం తర్వాత అతికించుకుందాం."

"అంటే నేనేమన్నా ఎవరికీ వినపడదా?"

"దేవుడికి తప్ప."

"ఆయన ఎప్పుడో విన్నాడులే" అని పమిట లాంటి ఆ నల్లశాలువా సర్దుకుని, బసిలిసా మళ్ళీ కంచం చేతిలోకి తీసుకుంది.

కుట్టుమిషను గోల మొదలైంది. ఆవిడ కంచం బల్ల మీద పెట్టింది. పెట్టి, దాని అంచు మీద వేలు ఆనించింది. చేపలవాణ్ణి తిడదామనే అనుకుంది పాపం. తీరా నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"గుడ్డచెప్పులతో తీసుకుపోయారు నిన్ను, లిబోరియో. బూట్లు తొడుక్కోనివ్వండయ్యా, బయట చలిగా ఉంది అన్నాను. బూట్లు అక్కర్లేదమ్మా అన్నారు. ఎక్కడ పెట్టారయ్యా నిన్ను? ఏ గోతిలో పెట్టారు?"

ఆపమని చెప్పడం మరిచిపోయింది కసిల్దా. రీలు అయిపోయి, పెట్టె దానంతటదే టకటకలాడి ఆగింది. లైటు పట్టుకున్న కుర్రాళ్ళు గోడకేసి చూస్తున్నారు. వాళ్ళకీ ఇళ్ళున్నాయి, వాళ్ళ ఇళ్ళలోనూ ఎవరో ఒకరు జ్వరంతో పోయినవాళ్ళున్నారు.

"నోరు బాగా ఆడిందా?" అంది బసిలిసా, కళ్ళు తుడుచుకోకుండానే.

"ఆడింది" అంది కసిల్దా.

ఆ సాయంత్రం ఇద్దరూ బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నారు. గిన్నె సగం నిండాక, అడక్కుండానే, బసిలిసాయే అంది. "జ్వరమే తల్లీ. నువ్వు రాసిందే ఉంచు. మనిషిని తీసుకుపోయారు అంటే ఎవరు, ఎందుకు అంటారు. అప్పట్లో తీసుకుపోయినవాళ్ళ పెళ్ళాలకి గదులు అద్దెకిచ్చుకునే కాగితం కూడా ఇచ్చేవారు కాదు. జ్వరంతో పోతే ఎవరి తప్పూ లేదు చూడు."

"ఉంచుతాను" అంది కసిల్దా, బఠాణీ ఒకటి నోట్లో వేసుకుని.

మాట అతికించే గది దుప్పట్లు కట్టి చప్పుడు లోపలికి రాకుండా చేసిన చిన్న కొట్టు. అక్కడ తెర మీద తన మొహం తనే చూసుకుంది బసిలిసా. కసిల్దా ఉంచింది మొదటి ముక్క కాదు, రెండోది. తెర మీద తన పెదవులు గోతి అంటుంటే, ఎదురుగా నిలబడి తన గొంతుతోనే "జ్వరంతో పోయాడు, దేవుడు తీసుకున్నాడు" అని అతికించింది. ఒక పట్టాన కుదరలేదు. పెదవులు ఇంకా ఆడుతుంటే మాట అయిపోతోంది. రెండు జపాలు నెమ్మదిగా లాగినట్టు లాగి లాగి నింపింది. బయటికొచ్చాక, "నా మీద నేనే దొంగసాక్ష్యం చెప్పినట్టుందే" అంది.

"ఎవరు చూస్తారండీ పెదవుల్ని? పరీక్ష పెద్దలు ముగ్గురు. మా ముసలి మాస్టారు, ఆయనకి కళ్ళజోడు తుడుచుకోవడంతోనే సరిపోతుంది. మంత్రిత్వ శాఖ నుంచి దోన్ గుమెర్సిందో..."

"ఆ పేరు పిలిచేలోపు పులుసు మాడిపోతుంది."

"...ఆయన పాడు మాటలేమైనా ఉన్నాయా అని చెవులు రిక్కించి వింటుంటాడు. మూడోవారు, బొమ్మలో అసభ్యం ఏమైనా ఉందా అని చూసే ఫాదర్ ఎవారిస్తో."

"మన ఫాదర్ ఎవారిస్తోయేనా!" బసిలిసాకి ప్రాణం లేచొచ్చింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. ఇంకేం భయం!"

ఫాదర్ ఎవారిస్తో వాళ్ళ పేటలో గుడి ఫాదరే. యుద్ధంలో పక్కనే బాంబు పడి రెండు చెవులూ పోయాయి. అందుకే పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు ఫాదరుకి చెప్పుకుని క్షమాపణ పొందడానికి, ఆడవాళ్ళంతా ఆయన దగ్గరే వరస కట్టేవారు. అక్కడి గుళ్ళలో పద్ధతి ఏమంటే, ఫాదర్ చెక్కపెట్టెలో కూర్చుంటే ఆడవాళ్ళు పక్కనుంచి మోకరిల్లి చెక్కజాలీలోంచి చెప్పుకోవాలి, మగవాళ్ళు ఎదురుగా వచ్చి మోకరిల్లాలి. జాలీ అవతల ఏం చెప్పినా ఆయనకి చీమ పాకినంత చప్పుడు కూడా ఉండదు. మనిషి చెప్పడం అయిపోయిందని జాలీ మీద నీడ కదిలితే తెలుసుకుని, చెవిటివాళ్ళు మాట్లాడినట్టే గుడంతా దద్దరిల్లేలా అరిచేవాడు: "మూడు మంగళవార్త జపాలు! ఎవరికైనా కాస్త పులుసు పొయ్యి!" అత్తని తిట్టినవాళ్ళకీ అదే, పాలలో నీళ్ళు కలిపినవాళ్ళకీ అదే. ఆ పేటలో పేదవాళ్ళకి పులుసుకి లోటు లేకుండా పోయింది.

బసిలిసా వారం రోజులు కడుపులో చల్ల కదలకుండా ఉంది. పరీక్ష ఇంక ఎల్లుండి అనగా బొగ్గులు వేసే సాతుర్నీనో వచ్చాడు. బస్తా దించి, ఒక గ్లాసు వైను పుచ్చుకుని, మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నేనే పోయినట్టుంది. ఫాదర్ దగ్గరికెళ్ళొచ్చా. బస్తాలో తడిబొగ్గు కలిపిన సంగతి చెప్పా. అందరికీ ఎండుబొగ్గు మళ్ళీ ఇచ్చి రా అన్నాడు."

"ఓరి నీ తెలివి! మూడు జపాలతో పోయేదానికి అంత కేకేసి చెప్పావా ఏమిటి, ఆయనకి వినపడేట్టు?"

"కేకెందుకు? గొణిగినా చాలు. ఆయన వినడు కదమ్మా, చూస్తాడు. పెదవులు చూస్తే చాలు, మాట పట్టేస్తాడు. ఎదురుగా మోకరిల్లితే ఒక్క ముక్క వదలడు. మాకెప్పట్నించో తెలుసు."

"మాకు అంటే?"

"మగాళ్ళకి."

బసిలిసా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "మరి ఇన్నేళ్ళూ ఆడవాళ్ళకి ఒక్కడైనా చెప్పలేదేంరా మీరు?"

సాతుర్నీనో తల గోక్కున్నాడు. "మా ఆడది ఆయన దగ్గర చెప్పుకుని వస్తే ఆదివారమంతా హాయిగా ఉంటుంది. చెడగొట్టడం ఎందుకని."

వాడు వెళ్ళాక ఆవిడ గ్లాసు కడగబోయి ఆగింది. తెర మీద తన నోరు ఎంత పెద్దగా కనపడిందో గుర్తొచ్చింది, పీపామూత అంత. ఒక్కో పెదవీ చెయ్యెడు. ఎదురుగా ఆ ఫాదరు. చెవులున్నవాళ్ళంతా జ్వరం వింటారు, చెవులు లేనివాడొక్కడే గోతిని చూస్తాడు. చూసి, పక్కనున్న మంత్రిత్వ శాఖ ఆయనకి చెబితే? తననేం చేస్తారు, ముసలిదాన్ని, గది కాగితం లాక్కుంటారు, లాక్కుంటే లాక్కోనీ. ఆ పిల్ల మాత్రం మర్నాటి రైలెక్కాలి. మందుల కొట్టు బల్ల వెనక దగ్గుమందు కొలుస్తూ ముసలిదైపోవాలి. అదీ తన నోటివల్ల!

కసిల్దా రాగానే గుమ్మంలోనే పట్టుకుంది.

"మొదటి ముక్క ఉందా, పారేశావా?"

"ఉంది. ఎందుకు?"

సంగతంతా చెప్పింది. "ఇవాళే మార్చెయ్యి తల్లీ. అది పెట్టు, అందులో నోరూ మాటా ఒకటే."

కసిల్దా మొహం పాలిపోయింది. గోడకి ఆనుకుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"మార్చను."

"మార్చక?"

"అందులో మీరు చేపలకొట్టు దగ్గర నిలబడ్డట్టు నిలబడ్డారు. రెండో దానిలో మనిషి ఉంది."

"మనిషి ఎక్కడికీ పోదే పిచ్చిదానా, ఇక్కడే ఉన్నాను, పొద్దున్నే కాఫీ ఇస్తాను. పట్టా పోతే మళ్ళీ వస్తుందా?"

"దోన్యా బసీ, నాలుగేళ్ళు ఆ బడిలో కూర్చుని నేర్చుకున్నదల్లా ఏది నిజం ముక్క, ఏది కాదు అని ఏరడమే. ఎదురుగా నిజం ముక్క పెట్టుకుని కానిది అతికించి ఇస్తే, పట్టా ఇచ్చినా నేనేం చేసుకోను?"

"మీ నాన్న కొట్టు?"

"దగ్గుమందు కొలవడం కూడా పనే" అంది ఆ పిల్ల. అంటుంటే గడ్డం వణికింది. బసిలిసా ఆ గడ్డం పట్టుకుని చూసింది. ఇంత మొండిది తన కడుపున పుట్టలేదేమని ఒకపక్క, పుట్టకపోవడమే మేలని ఒకపక్క.

మర్నాడు గుడికి వెళ్ళింది. మామూలుగానే ఆడవాళ్ళ వరస జాలీ దగ్గర మొదలై స్తంభం దాకా ఉంది. బసిలిసా ఆ వరసని దాటుకుంటూ తిన్నగా వెళ్ళి, చెక్కపెట్టెకి ఎదురుగా, మగవాళ్ళ చోట మోకరిల్లింది.

వెనక ఆడవాళ్ళ విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. "మతి పోయిందా దీనికి!" అని ఎవరో అన్నారు. ఫాదర్ ఎవారిస్తో కూడా తలెత్తి, బొగ్గులవాడో కసాయో ఉండాల్సిన చోట నల్లశాలువా చూసి బిత్తరపోయాడు. పక్కకి వెళ్ళమని చెయ్యి చూపించాడు.

"వెళ్ళను ఫాదర్" అంది బసిలిసా, మెల్లగా, ఒక్కో మాటా పెదవులతో మలుస్తూ. "మీరు చూస్తారని తెలిసింది. నా పాపం చూడండి."

ఆయన చెయ్యి కిందికి దిగింది.

"నా మొగుణ్ణి నేనే చంపాను. జ్వరంతో చంపాను. ఇరవై ఏళ్ళుగా అడిగినవాళ్ళందరికీ ఆ అబద్ధమే చెప్పి రోజూ చంపాను. ఆయనకి జ్వరం లేదు ఫాదర్. గుడ్డచెప్పులతో తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో తెలియదు. ఈ మాట సినిమాలో నా నోరు అంటుంది. చెవికి జ్వరమే వినపడుతుంది. రేపు మీరు చూస్తారు. ఆ పిల్లకి ఏ పాపమూ తెలియదు. అది నా పిల్ల కాదు, కానీ నా పిల్లే."

ఊపిరి పీల్చుకుని చివరి మాట కూడా అనేసింది. "పాపసంకీర్తనంలో తెలిసింది ఫాదరు బయట చెప్పకూడదట. నాకు చదువు లేదు, అంతమాత్రం తెలుసు. అందుకే ఇవాళ వచ్చాను."

ఫాదర్ ఆవిడనే చూస్తున్నాడు. నోరు తెరవబోయాడు. వెనక స్తంభం దాకా ఆడవాళ్ళు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నారు. తన గొంతు ఎంత పెద్దదో తనకే తెలియదు, తెలియదన్న సంగతి మాత్రం ఆయనకి తెలుసు. నోరు మూసేసుకున్నాడు. గట్టిగా, పెదవులు తెల్లబడేంత గట్టిగా. చెయ్యెత్తి సిలువ గుర్తు వేశాడు, అంతే. జపాలు లేవు, పులుసు లేదు. అది క్షమించడమో, పొమ్మనడమో బసిలిసాకి అర్థం కాలేదు.

పరీక్ష రోజున వేషం కట్టినవాళ్ళని వెనక వరసలో కూర్చోనిచ్చారు. బసిలిసా కసిల్దా పక్కన కూర్చుంది, జపమాల చేతికి చుట్టుకుని, ఇంకో చేత్తో ఆ పిల్ల మోకాలు పట్టుకుని. ముందు వరసలో మూడు తలలు. ముసలి మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. దోన్ గుమెర్సిందో జుట్టు నూనె పెట్టి దువ్విన నడివయసు మనిషి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. చివర ఫాదర్ ఎవారిస్తో.

లైట్లు ఆరాయి. వంటిల్లు వచ్చింది, గోడ మీద బసిలిసా ఉల్లిపాయల దండ వచ్చింది. కంచం వచ్చింది. తెర నిండా ఆవిడ మొహం. "నా లిబోరియో జ్వరంతో పోయాడు" అంది గొంతు. ఎక్కడ పెట్టారయ్యా నిన్ను అంది నోరు.

"ఆపండి" అన్నాడు దోన్ గుమెర్సిందో. "అక్కడికి వెనక్కి తిప్పండి."

మళ్ళీ వేసి, ఆ మొహం మీదే ఆపారు.

"మాట ఒకటి, పెదవులు ఒకటి. పోయాడు అంటే మొదట్లో పెదవులు కలవాలి. ఈవిడ నోరు తెరుచుకునే ఉంది. మనకి చూపించిన కాగితంలో ఉన్న మాటేనా ఈవిడ అన్నది?" కసిల్దా లేవబోయింది. ఆయన అటు చూడనే లేదు. ఫాదర్ భుజం తట్టి, తన మొహం తెర వెలుతురులోకి తిప్పుకుని, "ఫాదర్, పెదవుల సంగతి మీకు తెలుసు కదా. ఏమంటోంది?" అన్నాడు.

బసిలిసా చేతికింద ఆ పిల్ల మోకాలు కొయ్యలా బిగుసుకుంది. ఫాదర్ తెరకేసి చూశాడు. అక్కడ బసిలిసా నోరు సగం తెరిచి ఆగిపోయి ఉంది.

"మొగుణ్ణి పిలుస్తోంది!" అన్నాడు, ఆ గదిలో గాజుగ్లాసులు కదిలేలా.

"పిలిచి?"

"ఎక్కడున్నావని అడుగుతోంది! మొగుడు పోయిన ఆడది ఇంకేం అడుగుతుందయ్యా గుమెర్సిందో? మీ నాన్న యుద్ధంలో పోయినప్పుడు మీ అమ్మ అడగలేదా?"

దోన్ గుమెర్సిందో చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. "జనరల్ గారి పక్షాన పోయినవాళ్ళందరితో పాటు మా నాన్న పేరు మా ఊరి గుడి గోడ మీద రాతిలో చెక్కి ఉంది. మా అమ్మకి అడగాల్సిన అవసరం లేదు. ప్రతి ఆదివారం పూలు పెట్టి వస్తుంది."

"అదృష్టవంతురాలు!" అన్నాడు ఫాదర్. ఈసారి కూడా అరుపే. కానీ అరుపులో కూడా తేడాలుంటాయి.

ముసలి మాస్టారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. దోన్ గుమెర్సిందో తెర మీద ఆ మొహాన్ని చూస్తూ కూర్చున్నాడు, చాలాసేపే. ఆయనకి అర్థమయిందా లేదా అని తర్వాత ఆ వంటింటి బల్ల దగ్గర ఎన్నో భోజనాలు వాదించుకున్నారు. కసిల్దా అర్థమయిందంటుంది. బసిలిసా మాత్రం, అర్థం కాకపోతే కాళ్ళెందుకు ముడుచుకుంటాడు, అర్థమయితే పాస్ ఎందుకు చేస్తాడు, రెండూ కలిసే ఉంటాయిలే అంటుంది.

"మాట అతికించడం చేతకాలేదు ఈ అమ్మాయికి" అన్నాడాయన చివరికి, కలం తీసి. "చాలా నాసిగా ఉంది. శబ్దంలో ఇవ్వగలిగినంత తక్కువ మార్కు ఇస్తున్నాను. మిగతాది పాస్. తర్వాతది వెయ్యండి."

వీధిలోకి వచ్చాక కసిల్దా ఆవిణ్ణి పట్టుకుని ట్రాము పట్టాల పక్కనే గిరగిరా తిప్పేసింది.

"వదలవే, నడుం పోతుంది! నాసిరకం అన్నాడే ఆ జిడ్డుజుట్టువాడు! అంత కష్టపడి లాగి లాగి అతికించానా!"

"దేశం మొత్తం మీద ఇంత నాసిరకం డబ్బింగ్ ఇంకోటి లేదు దోన్యా బసీ. ఒట్టు."

ఆదివారం గుడి మెట్ల మీద ఆడవాళ్ళు బసిలిసాని చుట్టుముట్టారు. ముందు నిలబడింది ప్రుదెన్సియా, చీటికిమాటికి గొడవపడే పక్కింటావిడ. ఆవిడ మొగుడు యుద్ధం ముగిసిన ఏడాదే అర్జెంటీనా వెళ్ళి అక్కడే ఉండిపోయాడు, ఉత్తరం ముక్క కూడా రాయడు అని ఎప్పుడూ తిట్టుకుంటూ ఉంటుంది.

"మగవాళ్ళ చోట మోకరిల్లావట, సిగ్గులేదా?"

"ఆయనకి వినపడేది అక్కడే" అని ఉన్న సంగతి చెప్పేసింది బసిలిసా.

పెద్ద గోలే లేచింది. అయితే జాలీ పక్కన ఇన్నేళ్ళూ చెప్పుకున్నవి ఎవరూ వినలేదా? వినకుండా క్షమిస్తే క్షమించినట్టా, కానట్టా? మరి మనం పోసిన పులుసంతా? ఒకావిడ మొగుడికి ఈ సంగతి ముందే తెలుసని విని అక్కడికక్కడే విసనకర్రతో వీపు మీద వాయించింది. కొందరు ఆ రోజే పక్క పేట గుడికి మారిపోయారు. చాలామంది మాత్రం ఏమీ తెలియనట్టు మళ్ళీ జాలీ దగ్గరికే వెళ్ళి, కడుపునిండా చెప్పుకుని, మూడు జపాలు పుచ్చుకుని వచ్చారు. ఎవరి హాయి వాళ్ళది.

ప్రుదెన్సియా ఆ వరసలో నిలబడలేదు. పూజ అయ్యాక అందరూ తలో దిక్కూ వెళ్ళేదాకా స్తంభం పక్కన ఉంది. బసిలిసా ఆవిడ కోసం కాదన్నట్టు, కొవ్వొత్తుల దగ్గర ఏదో సర్దుతూ ఉండిపోయింది. అప్పుడు ప్రుదెన్సియా వెళ్ళి చెక్కపెట్టెకి ఎదురుగా మోకరిల్లింది. తలమీది ముసుగు నీడ మొహాన పడుతోందని ఫాదర్ చెయ్యి చూపించాడు. ఆవిడ ముసుగు వెనక్కి తోసుకుంది, వెలుతురులోకి కొంచెం జరిగింది, నోరు తెరిచింది.